ముట్టుకున్న గుర్రం

"అక్కా, వ్యాను తొమ్మిదింటికల్లా గేటు దగ్గర ఉంటుందని చెప్పు."

"ఎవరికి చెప్పాలి?"

"ఎవరికేంటి, నాలుగో బోర్డుకి."

నాలుగో బోర్డు ఆ వంటగదిలోనే, అతనికి మూడడుగుల దూరంలో, పొయ్యి ముందు నిలబడి టీ వడకడుతోంది. ఆమె అతని పెళ్ళాం. అతను ఫోర్‌మన్‌గా ఉన్న ప్రెస్సులోనే పంతొమ్మిదేళ్ళుగా బైండింగు పని చేస్తోంది. పదకొండు రోజులుగా ఆయనగారి నోటికి ఆమెను పిలిచే పిలుపే రావడం లేదు.

"వదినా, గడియారం చూడటం నాకూ వచ్చని చెప్పండి."

వదిన కప్పు బల్ల మీద టక్కున పెట్టింది.

"ఇద్దరికీ కలిపి చెబుతున్నాను, వినండి. నీళ్ళ ఆఫీసులో ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్న నౌకరీ నాకు చాలు. ఇంట్లో టపా మోసే ఉద్యోగం కూడా నాకెందుకు? ఒరేయ్, నీ పెళ్ళాం అదిగో, అక్కడుంది. చెప్పేదేదో దాని ముఖాన చెప్పు."

ఫోర్‌మన్ టీ ఊదుకుంటూ ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. చెప్పుల చప్పుడు మాత్రం కాస్త ఎక్కువగా వినిపించింది. మాట్లాడని మగవాడికి చెప్పులే నోరు.

వదిన మరదలి వైపు తిరిగింది.

"నువ్వూ తక్కువ తినలేదులే."

"నేనేం చేశాను వదినా?"

"ఏం చెయ్యకపోవడమే చేశావు. పదకొండు రోజులు! నేనైతే రెండో రోజే నాలుగు దులిపి ఊరుకునేదాన్ని."

"దులిపితే ఆ సంతకం చెరుగుతుందా?"

 ఎందుకో ఆ మాటకి వదిన చూపు కిటికీ మీదికి పోయింది. కప్పు కడిగింది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

ఇంట్లో ఇంత నిశ్శబ్దం పేరుకోవడానికి కారణం ఆ సంతకమే. బైండింగు ఇన్‌ఛార్జి రిటైరయ్యాడు. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో ఫోర్‌మన్ రాసి ప్రెస్సు పెద్దాయనకి పంపాలి. రాశాడు. పంతొమ్మిదేళ్ళు ఫారాలు మడిచి, కుట్టి, అట్టలు వేసిన మనిషి పేరు కాదు. నాలుగేళ్ళ కిందట వచ్చిన మనిషి పేరు రాశాడు. దారం సూదిలోకి ఎక్కించడం ఇప్పటికీ సరిగ్గా రాక ఏది దొరికితే అది పిన్నులు కొట్టి పడేస్తాడని ప్రెస్సులో అందరూ ఆ మనిషిని స్టేప్లరు అంటారు. అతనికి మడత పెట్టడం నేర్పిందే ఈమె.

అచ్చయిన ఫారాల కట్ట ఇవ్వడానికి ఫోర్‌మన్ గదిలోకి వెళ్ళినప్పుడు ఆ కాగితం ఆమె కంటబడింది. మొగుడి సంతకాన్ని ఆమె పదడుగుల దూరం నుంచి తలకిందులుగా చూసినా పోల్చగలదు.

"పెళ్ళాన్ని కుర్చీ ఎక్కించాడని నలుగురూ నవ్వుతారు. నా పరువేం కావాలి?" అన్నాడతను ఆ సాయంత్రం.

"స్టేప్లరుని ఎక్కిస్తే నవ్వరా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

ఎలా వేరో అతను చెప్పలేకపోయాడు. చెప్పలేనివాడు అరిచాడు. అరిచినవాడితో ఆమె మాట్లాడటం మానేసింది. పెద్దాయన ఊళ్ళో లేడు, సోమవారం వస్తాడు. అప్పటిదాకా కాగితం సొరుగులోనే ఉంటుందని అతనే అన్నాడు. అందుకే ఆమెకి ఆదివారం దాకా ఆశ ఉంది. ఇవాళే ఆదివారం.

పైగా ఇవాళ్టి ఆట ఒకటి. ఆఫీసుల మధ్య చదరంగం పోటీల్లో చివరి రోజు. ప్రెస్సు జట్టుకి కెప్టెను ఫోర్‌మన్. నాలుగో బోర్డు మీద ఆడేది అతని పెళ్ళాం. ఎదురుగా నీళ్ళ ఆఫీసు జట్టు. వాళ్ళ నాలుగో బోర్డు మీద వదిన.

అంటే ఒకే వంటింట్లో టీ తాగి, ఒకే తలుపు తాళం వేసి, వేరువేరు బళ్ళెక్కి వెళ్ళి ఎదురెదురుగా కూర్చోవాలి.

తాళం వేస్తూ వదిన అంది: "అమ్మాయ్, అక్కడ నేను నీ వదినని కాదు."

"మరి?"

"నల్లపావులు."

*

వ్యానులో మరదలు వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చుంది. ముందు సీట్లో ఫోర్‌మనూ, మొదటి బోర్డు ఆడే మెషీన్‌మనూ లెక్కలు వేసుకుంటున్నారు.

"రెండూ రెండూ వచ్చినా కప్పు మనదే కదన్నా?" అని అడిగాడు మెషీన్‌మన్.

"మనదే, ఇప్పటిదాకా పాయింట్లలో మనమే ముందున్నాం. నువ్వు గెలువు, మూడోవాడు డ్రా చేస్తే చాలు. రెండో బోర్డు పోయినా ఫరవాలేదు."

"మరి నాలుగు?"

"నాలుగో బోర్డు సంగతి నేను చూసుకున్నాను. డ్రా."

"చూసుకోవడమేంటన్నా? ఇంకా ఆడందే?"

"అటు మా అక్క. ఇటు..." ఫోర్‌మన్ వెనక్కి తిరగకుండానే బొటనవేలితో వెనక్కి చూపించాడు. "ఇంట్లో విషయం. అయిపోయింది."

మెషీన్‌మన్ వెనక్కి తిరిగి ఆమెని చూసి, తప్పు చేసినవాడిలా మళ్ళీ ముందుకు తిరిగాడు.

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మూసిన షాపులు, తడిసిన పేవ్‌మెంటు, ఒక షట్టరు ముందు కునికే కుక్క. ఇంట్లో విషయమట. అయిపోయిందట. ఇంట్లో ఉన్న ముగ్గురిలో ఇద్దరికి తెలిసి, మూడోదానికి బొటనవేలితో చెప్పే విషయం. కుర్చీ సంగతీ ఇలాగే అయిపోయింది.

అయితే వదిన కూడా ఇందులో ఉందా? అక్కడే ఆమెకి ముల్లు గుచ్చుకుంది.

వదినకి ఇవాళ అర పాయింటు కావాలి. ఊరి ఆడవాళ్ళ జట్టుకి అయిదుగురిని తీసుకుంటున్నారు. వదిన ఇప్పుడు అయిదో స్థానంలో, అంచు మీద ఉంది. డ్రా చేస్తే జట్టులో చోటు. ఓడితే ఆరో మనిషి ఆ చోట్లోకి జారుకుంటుంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఇలాంటి చోటే ఒకసారి వచ్చిందట. అమ్మ పోయింది, తమ్ముడు ఎనిమిదో క్లాసులో ఉన్నాడు. వదిన పావులన్నీ డబ్బాలో పెట్టి మూత బిగించింది. మళ్ళీ ఆ మూత తీసింది ఈ మరదలు కాపురానికి వచ్చాకే. "ఈ ఇంట్లో మగాడితో మాటలు నడవ్వు. ఇది నేర్చుకో, పొద్దుపోతుంది" అంటూ నేర్పింది.

అలాంటి మనిషి అర పాయింటు కావాలనుకుంటే నోరు తెరిచి అడగొచ్చుగా! తను కాదంటుందా? ఇలా చాటుగా తమ్ముడితో మాట్లాడుకోవాలా?

హాలు మెట్ల దగ్గర అందరూ లోపలికి వెళ్ళిపోయాక ఫోర్‌మన్ ఆగాడు. పదకొండు రోజుల తర్వాత మొదటిసారి ఆమె ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"డ్రా చేసెయ్యి. రేపు పొద్దున్నే ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను. నీ పేరే రాస్తాను. సరేనా?"

ఆమె అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. అందులో ఒకటే బయటికి వచ్చింది.

"వదినకి తెలుసా?"

"అది నా అక్క. నాకు తెలిస్తే దానికి తెలిసినట్టే."

అని చకచకా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. భుజం మీది బరువు దించుకున్నవాడిలా ఉంది అతని నడక.

ఆమె రెండో మెట్టు మీదే నిలబడిపోయింది. కుర్చీ వస్తుంది. వదిన జట్టులోకి పోతుంది. కప్పు ప్రెస్సుకి వస్తుంది. ఇంట్లో మాటలు మళ్ళీ మొదలవుతాయి. అందరికీ అన్నీ వస్తాయి. మరి తన కాలు పై మెట్టు ఎక్కదేంటి?

*

బల్లలకీ చూసేవాళ్ళకీ మధ్య తాడు కట్టారు. కెప్టెన్లు తాడు అవతలే ఉండాలి, నోరు విప్పకూడదు. తీర్పు చెప్పే ఆర్బిటరుగా ఒకప్పటి డ్రిల్లు మాస్టారు వచ్చాడు. ఆయన చేతిలో ఈల లేదన్న మాటే గానీ, నడక మాత్రం ఈలకి తగ్గట్టే ఉంది.

వదిన కళ్ళజోడు తుడుచుకుని, చెయ్యి చాచింది. చల్లటి చెయ్యి. మరదలు తెల్లబంటుని రెండు గళ్ళు ముందుకు తోసి గడియారం నొక్కింది.

డ్రా మాట ఎప్పుడొస్తుందా అని ఆమె ఎదురుచూసింది. పదో ఎత్తయింది, రాలేదు. పన్నెండో ఎత్తయింది, రాలేదు. వదిన తలెత్తడమే లేదు. పైగా ఆడే ఆట చూస్తే డ్రా కోసం ఆడే ఆటలా లేదు. ఇంట్లో ఎప్పుడూ వెయ్యని ఎత్తులు వేస్తోంది. మంత్రి పక్కనుంచి ఒక బంటుని తోసుకొచ్చి మరదలి శకటుని మూలకి నెట్టేసింది. ఇదేం నాటకం? నలుగురూ చూస్తున్నారని ఆడే ఆటా?

తాడు అవతల ఫోర్‌మన్ చేతులు కట్టుకుని, తొందరేం లేదన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు.

పదహారో ఎత్తులో వదిన నల్లగుర్రాన్ని వెనక్కి తెచ్చి, రాజు పక్కన కాపలా పెట్టింది. తొందరలో పెట్టిందేమో, గుర్రం గడిలో సగం, గీత మీద సగంగా పడింది. ముఖం కూడా పక్కకి తిరిగి ఉంది.

మరదలు మనసంతా డ్రా మీదే ఉంది. చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయింది. పంతొమ్మిదేళ్ళుగా ఏ కాగితం దొంతరలో ఏ మూల పొడుచుకొచ్చినా తట్టి సమం చేసే చెయ్యి అది. ఒక్క కాగితం వంకరగా ఉంటే పుస్తకమంతా వంకరే. ఇంట్లో ఆడేటప్పుడు కూడా వదిన పావులు ఎలా పడేసినా, ఇదే సర్దేది. వదిన నవ్వేది. "నీ చేతికి బోర్డు కూడా బైండింగు బల్లే."

రెండు వేళ్ళతో గుర్రాన్ని పట్టుకుని, గడి మధ్యకి జరిపి, ముఖం నిటారుగా తిప్పి వదిలేసింది.

వదిలాక చూసుకుంది.

ఎదుటివాళ్ళ పావుని ముట్టుకుంటే, తీయగలిగితే, తీసి తీరాలి. సర్దాలంటే ముందు 'సర్దుతున్నాను' అని చెప్పాలి. చెప్పలేదు.

వదిన ఆ గుర్రాన్నే చూస్తోంది. మరదలు వదినని చూస్తోంది. ఇద్దరి మధ్యా గడియారం ఒక్కటే కదులుతోంది.

ఇప్పుడంటుంది, అనుకుంది మరదలు. ఇప్పుడు నవ్వి, 'పోనీలే, డ్రా' అంటుంది.

వదిన చెయ్యెత్తింది.

"మాస్టారూ, ముట్టుకుంది."

మరదలికి చెంప మీద కొట్టినట్టయింది. డ్రిల్లు మాస్టారు రెండంగల్లో వచ్చాడు.

"ఏ పావు?"

"నా గుర్రం. సర్దింది."

"సర్దుతున్నానని చెప్పారామ్మా మీరు?"

మరదలు నోరు తెరిచేలోగా తాడు అవతల నుంచి గొంతు వచ్చింది.

"చెప్పిందండీ! నేను విన్నాను!"

ఫోర్‌మనే. హాలంతా అటు తిరిగింది. మాస్టారు కళ్ళు చిన్నవి చేసి అతన్ని చూశాడు.

"అయ్యా, మిమ్మల్ని నేను అడగలేదు. మీరు నిలబడ్డ చోటు నుంచి వినపడిందంటే మీ చెవులకి సన్మానం చెయ్యాలి. అమ్మా, మీరు చెప్పండి."

పదిమంది చూస్తున్నారు. అవునంటే అయిపోతుంది. అబద్ధానికి సాక్ష్యం కూడా సిద్ధంగా నిలబడి ఉంది. ఆమె వదిన ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో జాలీ లేదు, కోపమూ లేదు. నీ ఇష్టం, నిజమేదో నువ్వే చెప్పు అన్నట్టుంది.

"చెప్పలేదండీ."

"అయితే తీయాలి."

ఆ గుర్రాన్ని తీయగలిగింది ఆమె ఏనుగు ఒక్కటే. తీస్తే, వదిన రాజు ముందున్న బంటు ఆ ఏనుగుని తినేస్తుంది. ఏనుగు పోసి గుర్రాన్ని కొనుక్కోవడం. ఇంట్లో ఇలాంటి ఎత్తు వేస్తే వదిన చేతి మీద ఒక్కటిచ్చేది.

ఏనుగుతో గుర్రాన్ని తీసింది. బంటుతో ఏనుగుని తీసింది వదిన.  

మాస్టారు పక్క బల్ల దగ్గరికి వెళ్ళాక మరదలు పెదవులు కదిలీ కదలకుండా అంది.

"డ్రా అని మాట్లాడుకుని, ఇదేంటి వదినా?"

వదిన తలెత్తింది.

"ఏ డ్రా?"

"మీరూ ఆయనా మాట్లాడుకున్నది."

"ఎవరన్నారు నీతో?"

మరదలు చూపు తాడు వైపు పోయింది. వదిన చూపూ అటే వెళ్ళింది. ఫోర్‌మన్ పైకప్పులో ఫ్యాన్లు లెక్కపెడుతున్నాడు.

వదిన చాలాసేపు తమ్ముణ్ణే చూసింది. గోరుముద్దలు పెట్టి పెంచిన మనిషి చూసే చూపు కాదది. నీళ్ళ ఆఫీసులో దొంగ కనెక్షను పట్టుకున్నప్పుడు చూసే చూపు.

"నన్నెవరూ ఏమీ అడగలేదు" అంది మెల్లగా. "ఎవరో పారేసిన అర పాయింటు ఏరుకోవడానికి రాలేదు నేనిక్కడికి. నీ ఎత్తు. ఆడు."

అంటే వదిన అందులో లేదు. ఆ కబురు విన్నాక, పోయిన ఏనుగు సంగతి కూడా కాసేపు గుర్తులేదు.

అప్పుడే ఆమె బోర్డుని సరిగ్గా చూసింది.

బంటు పక్కకి జరిగింది. వదిన రాజు ముందు తలుపు తీసేసినట్టు ఖాళీ. తను కావాలని ఆడుంటే ఇంత తెగింపు చేసేది కాదు. తప్పు చేయించిన ఎత్తు ఇది. కానీ మంత్రి ఆ ఖాళీలోకి వెళ్తే?

వెళ్ళింది. రాజుకి చెక్. రాజు మూలకి జరిగింది. మూలనున్న శకటు మళ్ళీ ఊపిరి పోసుకుంది. తర్వాత అరగంట ఆమె తలెత్తలేదు. చెవులకి చప్పుళ్ళు మాత్రం తెలుస్తున్నాయి. ఎక్కడో ఒక గడియారం ఆగింది, ఎవరో కుర్చీ వెనక్కి నెట్టారు, మెషీన్‌మన్ గట్టిగా ఊపిరి వదిలాడు. మొదటి బోర్డు గెలిచింది. రెండోది పోయింది. మూడోది డ్రా అయింది. ఒకటిన్నర, ఒకటిన్నర. మిగిలింది ఈ బల్ల ఒక్కటే. హాల్లో ఉన్న వాళ్ళంతా చప్పుడు కాకుండా దీని చుట్టూ చేరారు.

వదిన గడియారంలో మూడు నిమిషాలే ఉన్నాయి. మరదలికి ఏడు.

మరదలి చేతిలో మంత్రి ఉంది. ఈ ఒక్క ఎత్తు వేస్తే వచ్చే ఎత్తులో ఆట కట్టు. ఎంత వెతికినా వదినకి దారి కనబడటం లేదు.

గెలుపు అంటే తీపిగా ఉంటుందనుకుంది. నాలుక మీద ఇనుపరేకు రుచి తగులుతోంది. ఎదురుగా వదినకి కళ్ళజోడు జారింది. సర్దుకోవడం లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత మూత తీసిన డబ్బా మళ్ళీ మూసెయ్యబోతోంది ఎవరు? తనే. నేర్పించుకున్న చేత్తోనే.

మొగుడు చెప్పాడని కాదు, అనుకుంది. నేను ఇస్తున్నాను. కుర్చీ కూడా వస్తే రానీ. ఏం, వద్దంటే నాకు ఎవరైనా దండ వేస్తారా?

మంత్రిని రాజు దగ్గరికి తెచ్చి పెట్టింది. గడియారం నొక్కే ముందు అంది.

"డ్రా."

నొక్కింది.

తాడు అవతల ఫోర్‌మన్ గుండె మీంచి చెయ్యి తీశాడు.

వదిన చెయ్యి చాచలేదు.

"ఎందుకు?" అంది గొంతు తగ్గించి. "గెలిచే ఆటలో నువ్వెందుకు డ్రా అంటున్నావు? నా కోసమా?"

మరదలు అబద్ధం చెప్పబోయింది. వదిన కళ్ళ ముందు రాలేదు.

"మీ కోసం. నా కోసం కూడా. డ్రా చేస్తే రేపు ఆ కాగితం వెనక్కి తీసుకుంటానన్నారు. ఇన్‌ఛార్జిగా నా పేరు రాస్తానన్నారు."

వదిన గడియారం నడుస్తోంది. రెండు నిమిషాల నలభై. రెండున్నర. చెయ్యి చాస్తే చాలు. ఆ ఒక్క చోటు కోసం ముప్పై ఏళ్ళు ఆగిన మనిషి, కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది.  రెండు నిమిషాలు. నిమిషమున్నర.

"వదినా, టైము..."

"కాగితం నిన్న మధ్యాహ్నమే పైకి పోయింది."

మరదలికి అర్థం కాలేదు. అంటే, మాటలు అర్థమయ్యాయి.

"పెద్దాయన రెండు రోజులు ముందే వచ్చాడట. వీడు తీసుకెళ్ళి ఇచ్చేశాడు. ఆయన సంతకం కూడా అయిపోయింది. నిన్న సాయంత్రం వీడే నాతో అన్నాడు." వదిన కుర్చీ అంచు వదిలింది. "నేను నీతో చెప్పలేదు. ఇవాళ ఆట అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. ఇంట్లో గొడవైతే నా ఆట చెడుతుందని. అంతే. నేనూ వాడి అక్కనేగా."

నిమిషం మీద అయిదు సెకన్లు.

"డ్రా నాకొద్దు" అంది వదిన, ఈసారి మాస్టారికి కూడా వినబడేలా. "ఆడతాను."

కళ్ళజోడు పైకి నెట్టుకుని బోర్డు మీదికి వంగింది.

మరదలు కుర్చీలోంచి లేచింది. లేస్తున్నట్టు ఆమెకే తెలియదు. తాడు వైపు తిరిగింది. ఫోర్‌మన్ ఆమె ముఖం చూశాడు, పక్కనున్న మెషీన్‌మన్ ముఖం చూశాడు. తర్వాత చూడటానికి అతనికి ఏ ముఖమూ దొరకలేదు.

"నిన్ననే ఇచ్చేశారటగా?"

హాలు మొత్తానికి వినబడింది. ఫోర్‌మన్ తాడు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. 

"లేని కాగితాన్ని రేపు ఎక్కడి నుంచి వెనక్కి తెద్దామనుకున్నారు?"

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"ఇంటికెళ్ళాక మీరు మీ అక్కతో చెబుతారు, ఆవిడ నాతో చెబుతుంది. అదొద్దు. రేపు పదింటికి నేనే పెద్దాయన గదికి వెళ్తున్నాను. పంతొమ్మిదేళ్ళలో నేను కుట్టిన పుస్తకం ఒకటీ, స్టేప్లరు పిన్నులు కొట్టిన పుస్తకం ఒకటీ ఆయన బల్ల మీద పెడతాను. మీరు రండి, రాకపొండి. వస్తే మాత్రం, ఎవరి పేరు రాయాల్సిందో ఆయన ముందు మీ నోటితో మీరే చెప్పాలి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. పరువు పోతుందని పెళ్ళానికి కుర్చీ ఇవ్వనివాడి పరువు, తాడు కట్టి మరీ చూపిస్తున్నట్టుంది.

"అమ్మా!" డ్రిల్లు మాస్టారు ఈల లేకుండానే ఈల వేసినట్టు అరిచాడు. "కూర్చోండి! ఆట నడుస్తోంది. ఎదుటి మనిషి ఆలోచించుకుంటుంటే గొడవేంటి? మొదటి తప్పు కాబట్టి ఆట ఆవిడకి ఇచ్చెయ్యడం లేదు. రెండు నిమిషాలు ఆవిడకి కలుపుతున్నాను."

వచ్చి గడియారం ఆపాడు. బటన్లు నొక్కాడు. వదిన వైపు నలభై సెకన్లు ఉన్న చోట రెండు నిమిషాల నలభై అయింది. మళ్ళీ నడిపించాడు.

మరదలు కూర్చుంది. తల చిత్రంగా తేలికపడింది. పదకొండు రోజులు దిగమింగినదంతా ఒక్కసారి కక్కేసిన తేలిక. బోర్డు వైపు చూసింది, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

అప్పుడు కనబడింది.

దారి ఉంది. ఒక్కటే. రాజుని కదిపితే చావే. మంత్రిని అడ్డం పెట్టినా చావే. కానీ ఇందాక ఏనుగుని తిన్న ఆ చిన్న బంటుని ఒక్క గడి ముందుకు తోస్తే శకటు దారి మూసుకుపోతుంది. దాడంతా అక్కడితో విరిగిపోతుంది. ఆ తర్వాత ఏనుగు తక్కువగా ఉన్నది తనే. ఓడేది తనే. కప్పు కూడా పోతుంది.

నలభై సెకన్లలో వదినకి అది దొరికేది కాదు. రెండు నిమిషాల నలభైలో దొరకొచ్చు.

వదిన రాజు చుట్టూ వెతుకుతోంది. మూల నుంచి పక్కకి, పక్క నుంచి వెనక్కి, చూపు అక్కడక్కడే తిరుగుతోంది. బంటు వైపు రావడం లేదు. రెండు నిమిషాల పది. రెండు నిమిషాలు.

తాడు అవతల ఫోర్‌మన్ చోటు ఖాళీగా ఉంది. ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

దొరకాలా, దొరకకూడదా? మరదలు తనని తాను అడుక్కుంది. డ్రా ఇస్తే వద్దంది. జాలి వద్దంది. తన చోటు పోతుందని తెలిసీ నిజం చెప్పింది. అలాంటి మనిషికి ఇప్పుడు ఏం ఇవ్వాలి? ఓటమి ఇవ్వడమే గౌరవమా?

నిమిషం నలభై అయిదు.

వదిన బోర్డు మీంచి చూపు తీసింది. పావుల్ని కాదు, సూటిగా మరదలి ముఖాన్నే చూడసాగింది, జవాబు అక్కడ ఉందని తెలిసినదానిలా.

మరదలు కళ్ళు దించుకుంటే చూపు నేరుగా ఆ బంటు మీదే పడుతుంది. తిప్పుకుంటే ఏదో దాస్తోందని తెలిసిపోతుంది.

దొరికితే వదినే వెతుక్కోవాలి, తను చూపించకూడదు అనుకుని, రెప్ప వెయ్యకుండా వదిన కళ్ళలోకే చూస్తూ కూర్చుంది.